శాలువా పాఠం

నరసరావుపేటకు సముద్రం ఎక్కడుందని మా బ్యాచ్‌లో ముందుగా జోకు వేసింది నేనే. పోర్టుల ప్లానింగ్, నిర్వహణ మీద ఎగ్జిక్యూటివ్‌లకు ఇచ్చే ట్రైనింగ్ అది. పాఠాలు చాలావరకు తీరంలోని ఒక నగరంలో జరిగాయి. ఆఖరి వారం మాత్రం బస్సులో పల్నాడు తీసుకువెళ్తున్నామని చెప్పగానే అందరూ తలా ఒక మాట అన్నారు, నేనూ అన్నాను. లోపల మాత్రం సంతోషం పట్టలేకపోతున్నాను. నేను పోర్టులో ట్రాఫిక్ విభాగం చూస్తాను. ఏ ఓడ ఏ బెర్తుకు రావాలో, ఏ లారీ ఏ గేటు బయట ఆగాలో చెప్పడం నా పని. పుట్టింది రొంపిచర్ల పక్కన ఒక పల్లెలో. నా ఉద్యోగం మా ఊరి దాకా నడిచి వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు.

మాకు పాఠాలు చెప్పిన సార్ పెద్ద హోదాలో పనిచేసి రిటైరైన మనిషి. పోర్టు గేటు దగ్గర మొదలవదనీ, సరుకు మూట కట్టిన చోట మొదలవుతుందనీ ఆయన పట్టుదల. మిరపకాయ ఎక్కడ ఎండుతుందో చూడనివాడు దాన్ని ఎక్కించే రేవు ఎలా కడతాడని అడిగేవారు. ఆ వారమంతా నేను పెళ్ళివారింటి మనిషిలా హడావిడి పడ్డాను. ఏ హోటల్లో భోజనం బాగుంటుందో చెప్పాను. కోల్డ్ స్టోరేజీలోకి వెళ్ళేముందు ముక్కుకు గుడ్డ కట్టుకోమని హెచ్చరించాను, ఎవరూ వినలేదు, అందరూ తుమ్మారు. దుర్గిలో శిల్పాలకు గడ్డి చుట్టి చెక్కపెట్టెలో ఎలా బిగిస్తారో చూపిస్తుంటే, వాటిని చెక్కింది నేనేనన్నట్టు నిలబడ్డాను. మా ప్రాంతం గురించి ఒకరు మంచిమాట అంటే చాలు, నా ఒళ్ళు పొంగిపోయేది.

ఆ పొంగులోనే, మిరప కల్లం చూడాలంటే మా ఊరు వెళ్దామని సార్‌తో అన్నాను. మా మేనత్తకు ఫోన్ చేశాను.

మా అత్తను ఊళ్ళోనే ఇచ్చారు. మామయ్య మాట్లాడటం అరుదు, ఆ ఇంట్లో ఇద్దరి వాటా మాటలూ అత్తవే. గ్రామసభ అయినా, కరెంటు ఆఫీసు అయినా, కాలవ నీళ్ళ గొడవ అయినా ఊరివాళ్ళు ముందు ఆమె ఇంటికే వచ్చేవారు. ఆమెకు ఒక పద్ధతి ఉంది. ఏ ఆఫీసరు వచ్చినా కొంగు నడుముకు దోపుకుని, దగ్గరికి వెళ్ళి, "పొద్దున ఏం తిన్నావయ్యా?" అని అడుగుతుంది. అతను తడబడి, ఇడ్లీ అనో ఉప్మా అనో అంటాడు. "కారప్పొడి ఏసుకున్నావా?" అంటుంది. వేసుకున్నానంటాడు. "అది పండించినోళ్ళం మేము. ఇప్పుడు చెప్పు నువ్వొచ్చిన పనేందో" అంటుంది. అప్పటికి అతను సగం ఆఫీసరు. ఆ మిగిలిన సగంతో ఆమె మాట్లాడేది. ట్రాన్స్‌ఫార్మర్ మార్చడానికి బేరాలాడిన ఇంజనీరు ఒకాయన, ఈ ప్రశ్న అయ్యాక అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగి, మర్నాడే మనుషుల్ని పంపించాడని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఏం తిన్నావన్నది ఆఫీసర్ల కోసం పుట్టిన ప్రశ్న కాదు. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచీ ఆమె నన్ను పలకరించేది దాంతోనే. హాస్టల్‌కి ఉత్తరం రాయించినా, ఇప్పుడు ఫోన్ చేసినా, హలో లేదు, బాగున్నావా లేదు. "ఏం తిన్నావే?" అంతే.

ఆ రోజు బస్సు దిగిన వాళ్ళందరినీ ఆమె వరసగా అడిగింది. సార్‌ని కూడా అడిగింది. సార్ బుద్ధిగా పెసరట్టు అన్నారు. కల్లం మీద ఎర్రగా పరుచుకున్న కాయల మధ్య నడిపించింది. అది ఊరుమ్మడి కల్లం. సొంత కల్లం లేని వాళ్ళు, కౌలుకు చేసేవాళ్ళు కాయలు ఎండబోసుకునేది అక్కడే. దుమ్ము పడితే కాయ రంగు తగ్గుతుందనీ, రంగు తగ్గితే బేరం పడిపోతుందనీ చెప్పింది. తర్వాత అందరికీ గోంగూర పచ్చడి, పప్పు, మజ్జిగతో భోజనం పెట్టింది. మా బ్యాచ్‌లో ఒక లాజిస్టిక్స్ కంపెనీ మేనేజరు ఉన్నాడు, నన్ను అక్కా అని పిలిచేవాడు. అతను రెండోసారి అన్నం అడిగి పెట్టించుకున్నాడు. "ఈ పిల్లోడికి తిండి తెలుసు" అని అత్త మెచ్చుకుంది. నలభై దాటిన ఆ పిల్లోడు మురిసిపోయాడు.

మర్నాడు నరసరావుపేట హోటల్లోని హాల్లో ఆఖరి పాఠం. పోర్టుకు అనుబంధంగా ఒక కంటెయినర్ యార్డు కడుతున్నామని అనుకోవాలి. ఊరివాళ్ళతో ప్రజాభిప్రాయ సేకరణ నాటకంలా చేసి చూపించాలి. ఒకరు కలెక్టరు, ఒకరు కాలుష్యం బోర్డు, ఒకరు విలేకరి. మేనేజరు వేషం మేనేజరుకే ఇచ్చారు. అతని కంపెనీకి నిజంగానే ఆ చుట్టుపక్కల ఒక యార్డు ఆలోచన ఉందనీ, మాకిచ్చిన మ్యాపు దాన్నే పేర్లు మార్చి గీసిందనీ అతను టీ తాగుతూ చెప్పాడు. ఏ ఊరి దగ్గర అని నేను అడగలేదు. నా బుర్రలో అప్పుడు నా వేషం తప్ప ఇంకేం లేదు. నాకు వచ్చిన వేషం, మొండికేసే గ్రామస్థురాలు.

ఆలోచించాల్సిన పని లేకపోయింది. చున్నీ నడుముకు బిగించాను. కలెక్టరు కుర్చీ దగ్గరికి నడుస్తుండగానే వెనక నవ్వులు మొదలయ్యాయి. నిన్ననే అన్నం తిని వచ్చారు కదా, అందరికీ తెలిసిపోయింది. "పొద్దున ఏం తిన్నావయ్యా?" అన్నాను. హాలు దద్దరిల్లింది.

నవ్వు రుచి మరిగిన మనిషిని ఆపడం కష్టం. నేను ఆగలేదు. అత్త గొంతును అచ్చంగా దింపాను, చెయ్యి తిప్పడం దింపాను, మాటకు ముందు ఆమె దగ్గే చిన్న దగ్గు కూడా దింపాను. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. కోపగించుకున్న జనాన్ని గౌరవంతో చల్లార్చాలి అన్నది ఆనాటి పాఠం. దాన్ని చూపించడానికి మేనేజరు లేచాడు. ఎక్కడిదో హోటల్ వాళ్ళ శాలువా ఒకటి తెచ్చి, "పెద్దమ్మా, మీలాంటివాళ్ళ ఆశీర్వాదం లేకుండా మేం పనిచెయ్యం" అని నాకు కప్పాడు. నేను శాలువా చూసుకున్నాను. అంచు తడిమాను. మెలికలు తిరిగాను. పళ్ళన్నీ బయటపెట్టి నవ్వి, "సరేలేవయ్యా, పెద్దోళ్ళు చెబుతున్నారుగా" అని కూర్చున్నాను. కడుపు పట్టుకుని నవ్వారు. సార్ లేచి చప్పట్లు కొట్టారు. ఒకరు మొత్తం వీడియో తీశారు, బ్యాచ్ గ్రూపులో పెట్టారు. రెండు రోజులు నేనే దాన్ని మళ్ళీ మళ్ళీ చూసుకున్నాను. బాగా చేశానని అనుకున్నాను.

ఆ వీడియో గ్రూపులోంచి ఎలా బయటికి వెళ్ళిందో, మా ఊరి ఫోన్లలోకి ఎవరు తెచ్చారో నేను వెతకలేదు. వెతికితే ఇంకొకరి మీదికి నెట్టొచ్చు. చేసింది నేను, వాళ్ళు చూశారు, అంతే.

అత్త ఫోన్ చేసింది. "ఏమే, ఫోన్లో నన్ను చూశానే" అంది. ఏం తిన్నావని అడగలేదు. ఆ ఆదివారమే బయల్దేరి ఊరు వెళ్ళాను.

ఆమె వసారాలో కూర్చుని కాయలకు తొడాలు తీస్తోంది. నేనూ పక్కన కూర్చుని ఒక గుప్పెడు తీసుకున్నాను. చాలాసేపు ఇద్దరం తొడాలే తీశాం. తిడుతుందని ఎదురుచూస్తున్నాను. తిడితే బాగుండేది, ఆమె తిట్లకు నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు.

"నేనట్టానే ఉంటానా?" అంది చివరికి.

"లేదత్తా. ఊరికే ఎగతాళికి..."

"ఉంటాన్లే. నడక నాదే, గొంతు నాదే. మీ మామ కూడా అన్నాడు, అచ్చం నువ్వేనని. చానా బాగా చేశావు." ఒక కాయ తొడం తీసి పక్కన పెట్టింది. "అదంతా నేనేలే. ఆ చివర్దే నేను కాదు. శాలువా కప్పితే నేను కూర్చుంటానటే?"

"అది నాటకం అత్తా. ట్రైనింగులో అట్టా చెయ్యమన్నారు."

"ట్రైనింగంటే నేర్చుకోడానికేగా. ఏం నేర్చుకున్నారు మరి వాళ్ళు?"

నేను క్షమించమన్నాను. ఆమె, "పోనీలే, కాయలు చూసి తియ్యి, గింజలు రాలతన్నయి" అంది. ఆ మాటతో నేను తేలికపడ్డాను. అది కూడా నా తప్పుల్లో ఒకటి. ఆమె వదిలేసిందని అనుకున్నాను.

కొన్ని వారాలకు ఊళ్ళో గ్రామసభ పెడుతున్నారని తెలిసింది. మేనేజరు చెప్పిన ఆ యార్డు మా ఊరి పొలిమేర దాటగానే వస్తోందట. హైవే నుంచి దానికి లారీల రోడ్డు వెయ్యాలి. రెండు దారులున్నాయి. ఒకటి కాలవ కట్ట అవతల, కాస్త చుట్టు. రెండోది దగ్గరి దారి, ఊరుమ్మడి కల్లం వారగా. దగ్గరి దారి వేస్తే పొద్దస్తమానం లారీల దుమ్మంతా కాయల మీదే. సొంత కల్లం ఉన్న మోతుబరులకు పట్టదు, వాళ్ళ కల్లాలు వేరే దిక్కున ఉన్నాయి. మా అత్తకూ సొంత కల్లం ఉంది. అయినా కౌలు వాళ్ళు ఆమె ఇంటికే వచ్చారు. "నువ్వు లేచి ఒక్క మాట అను పిన్నీ, చాలు" అన్నారట. మామయ్య ఈ సంగతి ఫోన్‌లో చెప్పాడు. మామయ్య తనంతట తాను ఫోన్ చెయ్యడం అదే మొదటిసారి. "నువ్వు కూడా రామ్మా" అన్నాడు.

వెళ్ళాను. బడి ఆవరణలో షామియానా వేశారు. ముందు వరసలో కుర్చీలు, వెనక పట్టాలు. వేదిక మీద అధికారులతో పాటు మా మేనేజరు కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి సంతోషంగా చెయ్యి ఊపాడు. అతనిలో కపటం ఏమీ కనిపించలేదు. అదే నన్ను ఇప్పటికీ పీడిస్తుంది. అన్నం పెట్టిన ఇంటావిడను గౌరవిస్తున్నానని అతను నిజంగానే అనుకున్నాడు.

సభ మొదలవగానే మైకు తీసుకుని, "అన్నిటికంటే ముందు మన ఊరి పెద్దమ్మగారిని సత్కరించుకోవాలి" అన్నాడు. అత్త పేరు పిలిచాడు. జనంలో ఒక గుసగుస లేచింది. ఆమె నడుముకు కొంగు దోపుకునే ఉంది. లేచి ముందుకు వచ్చింది, మాట్లాడటానికే వచ్చింది. చిన్న దగ్గు కూడా దగ్గింది. ఈలోగా అతను మెట్లు దిగి శాలువా విప్పి ఆమె భుజాల చుట్టూ కప్పేశాడు.

వెనక పట్టాల మీద ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు ముందుకు పాకింది. "అడుగు పెద్దమ్మా, ఏం తిన్నావని అడుగు" అని ఒక గొంతు. ఇంకా నవ్వు. మేనేజరు కూడా నవ్వి, తనంతట తానే మైకులో, "పెసరట్టు తిన్నానమ్మా" అన్నాడు. ఫోన్లు పైకి లేచాయి, మళ్ళీ వీడియోలు.

నేను ఆమె మొహం చూశాను. ఆమె అడగాల్సిన ప్రశ్నకు అడగకముందే జవాబు వచ్చేసింది. అడిగితే వీడియోలో మనిషి. కోపంగా శాలువా తీసి పారేస్తే మర్యాద తెలియని మనిషి. నోరు మూసుకుని కూర్చుంటే మళ్ళీ వీడియోలో మనిషే. అన్ని దారులకూ నేనే అడ్డంగా నిలబడి ఉన్నాను. ఆమె చుట్టూ ఒకసారి చూసింది, నా మీద చూపు ఆగలేదు. కొంగు నడుములోంచి తీసి, భుజం మీద శాలువాతో పాటు సర్దుకుని, వచ్చి కుర్చీలో కూర్చుంది. చప్పట్లు కొట్టారు. ఆ హాల్లో సార్ కొట్టినట్టే కొట్టారు.

కౌలు వాళ్ళు ఆమె వంకే చూస్తున్నారు. ఆమె నేల చూస్తోంది.

నేను లేచాను. ఎలాగైనా ఆ పని నేను చెయ్యాలనుకున్నాను. మైకు పట్టుకున్నాక నా నోట్లోంచి ట్రైనింగు భాష వచ్చింది. డస్ట్ మిటిగేషన్ అన్నాను, ఆల్టర్నేట్ అలైన్‌మెంట్ అన్నాను, లాస్ట్ మైల్ అన్నాను. వేదిక మీద వాళ్ళు తలలు ఊపుతూ శ్రద్ధగా విన్నారు. మేనేజరు ఇంకా శ్రద్ధగా విన్నాడు. "మేడమ్ మా బ్యాచ్‌మేటే, పోర్టులో సీనియర్. మేడమ్ చెప్పినవన్నీ మా ప్లాన్‌లో ఉన్నాయి, రోజూ నీళ్ళు చల్లిస్తాం" అన్నాడు. నేను వాళ్ళ మనిషినని ఊరికి అర్థమైంది. నా తర్వాత అడగడానికి ఎవరూ లేవలేదు. ఎండబోసిన కాయల పక్కన రోజూ నీళ్ళు చల్లితే ఏమవుతుందో అత్తయితే ఒక్క మాటలో అనేది, సభంతా నవ్వేది, ఆ నవ్వు వేదిక మీది వాళ్ళకు తగిలేది. నాకా మాట రాలేదు. నాకు వచ్చింది ఆమె గొంతు మాత్రమే.

దగ్గరి దారికే తీర్మానం అయింది.

ఇంటికి నడిచి వస్తుంటే కౌలు రైతు ఒకాయన ఎదురుపడ్డాడు. "నువ్వన్నా అడుగుతావనుకున్నాం పిన్నీ" అన్నాడు. నిష్ఠూరం కూడా లేదు అతని గొంతులో, అలసట ఉంది. అత్త, "అడగలేకపోయాన్రా" అంది. ఆమె నోట ఆ మాట వినడం అదే మొదలు. నా తల కొట్టేసినట్టయింది. ఇదంతా నేను చేసిందేనని చెప్పడానికి నోరు తెరిచాను. అత్త నా చెయ్యి పట్టుకుని ముందుకు లాగింది. ఆయన ముందు నన్ను కాపాడింది.

సాయంత్రం బస్సుకు బయల్దేరుతుంటే ఎప్పటిలాగే నా సంచీలో కారం, పచ్చడి సీసా సర్దింది. వాటి మీద శాలువాను మడతలు పెట్టి ఉంచింది.

"ఇదెందుకత్తా?"

"నీదేగా. ముందు నీకే కప్పారు" అంది. ఎత్తిపొడుపుగా అన్నట్టు లేదు. ఎవరి వస్తువు వాళ్ళకు అప్పజెప్పే మనిషి ఆమె, ఆ అలవాటు చొప్పునే అన్నట్టు అంది. నేను బస్సులో ఆ సంచీని ఒళ్ళో పెట్టుకోలేకపోయాను. కాళ్ళ దగ్గర పెట్టుకుని, దిగేదాకా దాని వంక చూడకుండా కూర్చున్నాను.

రోడ్డు పడింది. కౌలు వాళ్ళు ఇప్పుడు కాయల మీద రెండు పట్టాలు కప్పుతున్నారట, కప్పితే సరిగ్గా ఎండవట. మామయ్య చెప్పాడు. ఇప్పుడు విషయాలన్నీ మామయ్యే చెబుతున్నాడు. గ్రామసభలకు అత్త వెళ్ళడం మానేసిందనీ, ఎవరైనా ఇంటికొస్తే మీ బాబాయిని అడగండి అంటోందనీ అతనే చెప్పాడు. అన్నేళ్ళు మాట్లాడని మనిషి ఇప్పుడు మాటలు వెతుక్కుంటూ ఉంటే వినడం నాకు కష్టంగా ఉంటుంది. సార్ కొత్త బ్యాచ్‌కు మా వీడియో చూపిస్తున్నారని తెలిసి, ఆపమని మెయిల్ పెట్టాను. ఆపుతానని మర్యాదగానే జవాబిచ్చారు. ఎందుకని అడగలేదు.

వారానికోసారి అత్తకు ఫోన్ చేస్తాను. ఎత్తగానే, "బాగున్నావామ్మా?" అంటుంది. అందరూ అడిగేలాగే అడుగుతుంది. బాగున్నానంటాను. కాసేపు ఎండల గురించి, కాయల ధర గురించి మాట్లాడుకుంటాం. తను అడుగుతుందేమోనని చివరిదాకా చూస్తాను. మొన్న ఉండబట్టలేక నేనే అన్నాను.

"పొద్దున ఇడ్లీ తిన్నానత్తా. నీ కారప్పొడి వేసుకుని."

ఆమె, "మంచిదమ్మా" అంది.